కతోలిక గుడిలో ఆదివారం పూజలో జనమంతా పాడాలంటే: గాయక బృందానికి అంచెలంచెల మార్గదర్శి

"మా గుడిలో క్వయర్ బాగానే పాడుతుంది. జనం మాత్రం నోరు విప్పరు. ఏం చేయాలి?" ప్రొద్దుటూరు నుంచి, నంద్యాల నుంచి, గుంతకల్లు చుట్టుపక్కల పల్లెల నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది గాయక బృందాల పెద్దలు, గుడిలో బోధ చేసే ఉపదేశులు, హాస్టల్ పిల్లలకు పాటలు నేర్పే సిస్టర్లు.

జనం పాడకపోవడానికి వాళ్ల భక్తి తక్కువని కారణం చెప్పకండి. శృతి వాళ్లకు అందదు, పాట వారం వారం మారిపోతుంది, మైకు మోతలో తమ గొంతు తమకే వినపడదు. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే. కింద చెప్పిన వరుసలో నెల రోజులు చేసి చూడండి.

1. పాటల చిట్టా పక్కన పెట్టండి, ఏది ముందో తెలుసుకోండి

చాలా బృందాలు వారం మొదట్లోనే నాలుగు పాటలు ఎంచుకుంటాయి: ప్రవేశం, అర్పణ, సత్ప్రసాదం (కమ్యూనియన్), ముగింపు. ప్రాక్టీసంతా వాటికే పోతుంది. పూజలో జనానికి చెందిన భాగాలను మాత్రం అందరూ గబగబా చదివేస్తారు.

కతోలిక తిరుసభ చెప్పే వరుస వేరు. 1967 మార్చి 5న రోమ్ నుంచి వెలువడిన 'ముజికం సాక్రం' అనే ఆదేశపత్రం పాడదగిన భాగాలను మూడు మెట్లుగా విడదీసింది.

మొదటి మెట్టు: గురువు (ఫాదర్ గారు) పలుకులకు జనం ఇచ్చే జవాబులు, "పరిశుద్ధుడు పరిశుద్ధుడు" గీతం, పరలోక జపం.

రెండో మెట్టు: కనికరించమనే ప్రార్థన, మహిమ గీతం, విశ్వాస సంగ్రహం, విశ్వాసుల ప్రార్థన, "దేవుని గొర్రెపిల్ల" గీతం.

మూడో మెట్టు: ప్రవేశ గీతం, సత్ప్రసాద గీతం, భక్తి కీర్తన (మొదటి పఠనం తరవాత పాడే బైబిలు కీర్తన), అల్లెలూయ, అర్పణ గీతం.

మొదటి మెట్టు ఎక్కకుండా మిగతావి పట్టుకోవద్దని అందులోనే ఉంది. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం.

నా మాటగా ఒకటి కలుపుతాను. మొదటి మెట్టు కుదిరాక అందమైన సత్ప్రసాద గీతం జోలికి పోకుండా భక్తి కీర్తన మీద కూర్చోండి. ఒక చిన్న పల్లవిని జనం ఐదారుసార్లు తిరిగి పాడేది అక్కడే. నోరు విప్పించడానికి అంతకంటే మంచి చోటు పూజలో లేదు.

2. సోమవారం పని: కాలం, పఠనాలు, ఫాదర్ గారితో ఒక మాట

ముందు ఇది ఏ సంవత్సరమో చూసుకోండి. ఆదివారం పఠనాలు ఏ, బి, సి అని మూడేళ్లకొకసారి తిరుగుతాయి. సంవత్సరం అంకెను 3తో భాగించండి. శేషం 1 వస్తే ఏ, 2 వస్తే బి, ఏమీ మిగలకపోతే సి. 2026కు శేషం 1, కాబట్టి ఏ సంవత్సరం. అయితే ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారం నుంచే కొత్త సంవత్సరం లెక్కలోకి వస్తుంది. 2026 నవంబరు 29న బి మొదలవుతుంది.

తరవాత కాలం. ఆగమన కాలపు, తపస్సుకాలపు (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం) ఆదివారాల్లో మహిమ గీతం ఉండదు. తపస్సుకాలమంతా అల్లెలూయ ఉండదు, దాని బదులు క్రీస్తును స్తుతించే వేరే పల్లవి పాడతాం. మార్చి 19న పునీత జోజప్ప గారి పండుగ, మార్చి 25న మంగళవార్త పండుగ తపస్సుకాలంలోనే పడినా ఆ రోజుల్లో మహిమ గీతం ఉంటుంది. అల్లెలూయ మాత్రం అప్పుడూ ఉండదు.

ఇది చిన్న విషయం అనుకోకండి. ఒక ఏడాది తపస్సుకాలం మొదటి ఆదివారం నేను అలవాటు కొద్దీ అల్లెలూయ ఎత్తేశాను. జనం కూడా అందుకున్నారు. ఫాదర్ గారు పీఠం దగ్గర తల వంచుకుని నిలబడిపోయారు. ఆపాలో, పూర్తి చేయాలో తెలియని ఆ అర నిమిషం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి కీబోర్డు మీద ఒక అట్టముక్క అంటిస్తున్నాను: "ఈ వారం మహిమ ఉందా? అల్లెలూయ ఉందా?" మీరూ అంటించుకోండి.

సోమవారానికల్లా ఇవి తేలిపోవాలి:

- ఆదివారం పేరు, కాలం
- మహిమ గీతం, అల్లెలూయ ఉన్నాయా, లేవా
- భక్తి కీర్తన సంఖ్య, దాని పల్లవి
- ఫాదర్ గారు ఏ భాగాలు పాడతారు, ఏ శృతిలో పాడతారు
- జ్ఞానస్నానం, పెండ్లి, వర్ధంతి లాంటివి కలుస్తున్నాయా

నాలుగోది ఎవరూ అడగరు. అడగండి. ఫాదర్ గారు ఒక శృతిలో పలికి, మనం ఇంకో శృతిలో జవాబిస్తే జనం మధ్యలో ఇరుక్కుంటారు.

3. ప్రాక్టీసు ఎప్పుడు, ఎంతసేపు

శనివారం రాత్రి ఒక్కసారే రెండు గంటలు కూర్చునే పద్ధతి మానేయండి. గొంతులు అలసిపోతాయి, ఆదివారం తెల్లారేసరికి సగం మంది బొంగురు. గురువారం 45 నిమిషాలు, శనివారం 30 నిమిషాలు చాలు. మన వైపు పొలం పనుల నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని రావాలంటే ఏడున్నర అవుతుంది. ఆ టైమే పెట్టండి. ఆరు గంటలకు పెట్టి, రాలేదని కోప్పడితే ప్రయోజనం లేదు.

హాస్టల్ పిల్లల మీదే ఆధారపడిన బృందాలకు ఒక హెచ్చరిక. దసరాకు, సంక్రాంతికి, వేసవికి పిల్లలు ఊళ్లకు పోతే బెంచీలు ఖాళీ. అందుకే ఊళ్లోనే ఉండే నలుగురు పెద్దవాళ్లను, ఇద్దరు మగ, ఇద్దరు ఆడ, మొదటి నుంచీ కలుపుకోండి. వాళ్ల గొంతు సన్నగా ఉన్నా పర్వాలేదు. శృతి తప్పకుండా ఉంటే చాలు.

4. భక్తి కీర్తన: పూర్తి పద్ధతి

ఇక్కడ తొందరపడొద్దు. దీన్ని పాటగా కట్టాలని చూడకండి. వారానికొక కొత్త బాణీ కట్టడం ఎవరివల్లా కాదు, కట్టినా జనానికి ఎక్కదు. ఒకే చిన్న స్వర వరుస పెట్టుకుని, మాటలు మార్చుకుంటూ పోవాలి. శతాబ్దాలుగా మఠాల్లో కీర్తనలు పాడుతున్న పద్ధతి ఇదే. ఎక్కువ అక్షరాలు ఒకే స్వరం మీద నిలుస్తాయి, వాక్యం చివర మాత్రం స్వరం కదులుతుంది.

మా బృందం వాడే వరుస ఇది. కీబోర్డు మీద తెల్ల మెట్లే చాలు, స అంటే సి అనుకోండి.

మొదటి సగం: అంతా 'ప' మీద. చివరి దీర్ఘాక్షరం దగ్గర 'ద'కు ఎక్కి, మళ్లీ 'ప'కు దిగాలి.

రెండో సగం: అంతా 'ప' మీద. చివర్లో మ, గ, రి, స అని మెట్లు దిగాలి.

23వ కీర్తన మొదటి వాక్యం తీసుకుందాం. వాడుక మాటల్లో రాస్తున్నాను, పాడేటప్పుడు మీ పఠన గ్రంథంలో ఉన్న మాటలే పాడండి.

ప్రభువే నా కాపరి / నాకు ఏ కొదవా లేదు

మొదటి సగంలో "ప్రభువే నా" అంతా 'ప'. "కా" దీర్ఘం, అక్కడ 'ద'. "పరి" మళ్లీ 'ప'. వాక్యం ఇంకా ఉందని చెవికి తెలిసిపోతుంది.

రెండో సగంలో "నాకు ఏ" 'ప' మీద. "కొద" రెండూ పొట్టి అక్షరాలు, రెండింటినీ 'మ' మీదే పలికేయండి. "వా" గ, "లే" రి, "దు" స. అయిపోయింది.

ఇందులో కీలకం ఒక్కటే: స్వరం మారే చోటు మాటను బట్టి ఉండాలి. తెలుగుకు బరువంతా దీర్ఘాల్లో, ద్విత్వాల్లో ఉంటుంది. పొట్టి అక్షరాన్ని స్వరం కోసం సాగదీస్తే "లేదూఊ" అని వినిపిస్తుంది. "లే" మీద నిలవండి, "దు"ను చిన్నగా వదిలేయండి. ఈ ఒక్క దిద్దుబాటుతోనే కీర్తన మాటలు చివరి బెంచీ దాకా అర్థమవుతాయి.

చేసే వరుస:

1. కీర్తనను చేత్తో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకోండి. ఫోన్లో చూసి పాడొద్దు, మధ్యలో కాల్ వస్తే అంతే.
2. ముందు పైకి చదవండి, పాడొద్దు. ఎక్కడ ఊపిరి ఆగుతుందో అక్కడ ఏటవాలు గీత పెట్టండి.
3. స్వరం కదిలే అక్షరాల కింద పెన్సిల్‌తో గీత గీయండి.
4. కీబోర్డు మీద స, ప రెండే నొక్కి పెట్టి, తాళం లేకుండా పాడండి. తబలా వద్దు.
5. మాట్లాడే వేగంలోనే పాడండి. 'ప' మీద అక్షరాలు రైలు డబ్బాల్లా ఒకే కొలతలో పోకూడదు.
6. పల్లవిని మాత్రం తాళంతో, ఒకే ఊపిరిలో అయ్యేలా కట్టండి. ఎనిమిది, పది అక్షరాలు మించితే జనం మర్చిపోతారు.

పూజలో: కీర్తన పాడే మనిషి పఠనాల పీఠం దగ్గరికి రావాలి. పల్లవి తను ఒకసారి పాడి, చెయ్యి కొంచెం ఎత్తి జనాన్ని చూడాలి. జనం పాడుతున్నప్పుడు మైకు నుంచి తల పక్కకు తిప్పాలి. ఇది కష్టంగానే అనిపిస్తుంది. మన గొంతు మైకులో మోగుతున్నంతసేపు వాళ్లు వింటారే తప్ప పాడరు.

వారానికొక కొత్త పల్లవి నేర్పే ఓపిక లేని చిన్న గుళ్లకు తిరుసభ ఒక వెసులుబాటు ఇచ్చింది. ఆయా కాలాలకు పఠన గ్రంథంలోనే కొన్ని ఉమ్మడి కీర్తనలు ఉన్నాయి. ఆ రోజు కీర్తనకు బదులు వాటిలో ఒకటి పాడవచ్చు. ఆగమన కాలం నాలుగు ఆదివారాలూ ఒకే పల్లవి అయితే మూడో వారానికి పిల్లలు గుడి బయట కూడా పాడుకుంటారు.

5. శృతి: జనం గొంతుకు దించండి

క్వయర్‌లో ఆడపిల్లలు ఎక్కువ. పాట వాళ్లకు హాయిగా ఉండే శృతిలో పెడతారు. పై స్వరం ఎఫ్, జి దాకా పోతుంది. మగవాళ్లు రెండో వాక్యానికే ఆగిపోతారు, పెద్ద వయసు ఆడవాళ్లూ ఆగిపోతారు.

కొలత ఇది: జనం పాడే భాగంలో అన్నిటికన్నా పై స్వరం పై డి దాటకూడదు. అన్నిటికన్నా కింది స్వరం నడిమి సి కంటే ఒకటి, రెండు మెట్లు దిగినా ఫర్వాలేదు. పాట మొత్తం చూసి, పై స్వరం ఎక్కడుందో కనిపెట్టి, కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్‌తో అక్కడికి దించండి. ఉదయం ఆరున్నర పూజకైతే ఇంకో మెట్టు దించండి, అప్పుడే నిద్ర లేచిన గొంతులు కదా.

6. వాద్యాలు, మైకులు, కడప బండలు

మన గుళ్లలో నేల కడప బండలు, పైన స్లాబు, గోడలకు నున్నటి రంగు. శబ్దం ఎక్కడా ఇంకదు. ఖాళీ గుడి మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టి వినండి. ఆ మోత ఆగడానికి మనసులో "ఒకటి, రెండు" అనుకునేంతసేపు పడితే, మీ గుడికి డ్రమ్ ప్యాడ్స్, వేగమైన పాటలు పనికిరావు. మాటలన్నీ కలిసి గంజి అవుతాయి.

సవరణలు:

- బాక్సులను గోడ మూలల్లో పెట్టొద్దు, ముందుకు జరిపి జనం చెవుల వైపు తిప్పండి.
- పెద్ద బాక్సు ఒకటి మోగించేకంటే చిన్నవి రెండు, మూడు తక్కువ సౌండ్‌తో పెట్టడం మేలు.
- పాడేవాళ్లకు మైకులు రెండు చాలు. ఆరు మైకులు పెడితే కూత తప్ప పాట రాదు.
- కీబోర్డులో ఆటో రిథమ్ ఆపేయండి. అది జనం కోసం ఆగదు.
- సౌండ్ చూసే అబ్బాయి క్వయర్ పక్కన కాదు, చివరి బెంచీలో కూర్చోవాలి.

పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ పెట్టి దాని మీద పాడే పద్ధతి గురించి కొందరు అడిగారు. నాకు అది బొత్తిగా సమ్మతం కాదు. గురువు రెండు నిమిషాలు ఆలస్యమైతే ట్రాక్ సాగదు, తొందరగా అయితే ఆగదు. పూజ మన పాట కోసం ఎదురు చూడకూడదు.

తపస్సుకాలంలో వాద్యాలు పాటకు ఊతంగా మాత్రమే, విడిగా వాయించకూడదు. నాలుగో ఆదివారానికి, మహోత్సవాలకు, పండుగలకు మినహాయింపు ఉంది. పవిత్ర గురువారం మహిమ గీతం అప్పుడు గంటలు మోగించాక, పాస్కా జాగరణలో (ఈస్టర్ ముందు రాత్రి పూజ) మళ్లీ మహిమ గీతం ఎత్తే దాకా గంటలు మోగవు. ఆ రెండు రోజులు గంట బదులు చెక్కలతో చప్పుడు చేయడం మనకు అలవాటే. ఆ చెక్కలు ఎక్కడున్నాయో ఈస్టర్‌కు ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాడే వెతికి పెట్టుకోండి.

7. ఎప్పుడు ఎత్తాలి, ఎక్కడ ఆపాలి

- ప్రవేశ గీతం: గురువు నడక మొదలవగానే ఎత్తండి. ఆయన పీఠానికి నమస్కరించి తన చోటికి చేరాక చరణం మిగిలిందని సాగదీయొద్దు.
- మహిమ గీతం: గ్రంథంలోని పూర్తి పాఠమే పాడాలి. "మహిమ" అనే మాట ఉన్న వేరే పాట దాని బదులు చెల్లదు. క్రిస్మస్ రాత్రి ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది.
- అల్లెలూయ: జనం లేచి నిలబడి పాడేది. పాడలేకపోతే వదిలేయవచ్చు, చదవడం కంటే అదే నయం.
- అర్పణ: కానుకలు పీఠం మీద ఉంచే వరకు ఉండాలి. గురువు చేతులు కడుక్కునే సరికి ముగింపుకు రండి.
- కృతజ్ఞతా ప్రార్థన (రొట్టె, ద్రాక్షరసాల మీద చేసే ప్రధాన ప్రార్థన): గురువు ప్రార్థిస్తున్నప్పుడు కీబోర్డు మీద మెల్లగా వాయించడం కూడా తగదు. 2004లో వెలువడిన 'రెదెంప్సియోనిస్ సాక్రమెంతుమ్' ఆదేశంలో ఇది స్పష్టంగా ఉంది. చేతులు మెట్ల మీంచి తీసేయండి.
- ఒకరికొకరు సమాధానం (శాంతి) చెప్పుకునేటప్పుడు: దానికంటూ పాట లేదు. అప్పుడు పాట ఎత్తితే గొర్రెపిల్ల గీతం వెనక్కి పోతుంది.
- గొర్రెపిల్ల గీతం: రొట్టె విరుస్తున్నంతసేపు. ఎక్కువసేపు పడితే మళ్లీ మొదటి వరుస పాడండి.
- సత్ప్రసాదం: గురువు స్వీకరిస్తున్నప్పుడే ఎత్తాలి. వరుసలో నడిచేవాళ్ల చేతిలో పుస్తకం ఉండదు, కాబట్టి పల్లవి చిన్నదిగా ఉన్న పాట ఎంచుకోండి. క్వయర్ వాళ్లు ఎప్పుడు స్వీకరించాలో ముందే మాట్లాడుకోండి.
- ఆ తరవాత: ఒక నిమిషం నిశ్శబ్దం. దయచేసి దాన్ని నింపకండి.

8. లాటిన్ చాంట్ నేర్పాలనుకుంటే

రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆమోదించిన దైవార్చన శాసనం గ్రెగోరియన్ గానానికి (తిరుసభ పాత లాటిన్ చాంట్) మొదటి స్థానం ఇచ్చింది, అదే శాసనం జనం తమ సొంత సంగీతంలో పాడడాన్నీ ప్రోత్సహించింది. రెండూ పట్టుకోవచ్చు. మొదట గ్రెగోరియన్ పుస్తకంలో 18వ అంకె ఉన్న పూజా సంపుటిలోని గొర్రెపిల్ల గీతం నేర్పండి, అన్నిటిలో తేలిక.

ఉచ్చారణ తెలుగు లిపిలో రాసివ్వండి: "ఆన్యుస్ దేయీ, క్వీ తోల్లిస్ పెక్కాతా ముందీ, మిసెరేరే నోబిస్". మూడోసారి చివర "దోనా నోబిస్ పాచెమ్". మనవాళ్లు "ఆగ్నుస్", "పాసెమ్" అంటారు, మొదటి రోజే దిద్దండి. అర్థం చెప్పకుండా నేర్పొద్దు. అర్థం వాళ్లకు తెలుగులో ఎప్పటినుంచో తెలుసు, పక్కపక్కన రాసి చూపిస్తే ఐదు నిమిషాల్లో పట్టుకుంటారు.

9. పూజకు 15 నిమిషాల ముందు

జనానికి నేర్పే సమయం ఇదే. ఒక్క పల్లవి మాత్రమే. మైకు లేకుండా, వాద్యం లేకుండా, ఒక్క మనిషి ముందుకొచ్చి పాడాలి. వాళ్లు తిరిగి పాడాలి. మూడుసార్లు. "బాగా పాడట్లేదు" అని ఎప్పుడూ అనొద్దు. ఐదు నిమిషాల్లో ముగించి, మిగతా పది నిమిషాలు ప్రార్థనకు వదిలేయండి.

చూసుకోవాల్సినవి:

- ట్రాన్స్‌పోజ్ అంకె సరిగ్గా ఉందా (పోయిన వారం అంకె అలాగే ఉండిపోతుంది)
- కీర్తన కాగితం పఠనాల పీఠం మీద పెట్టారా
- కరెంటు పోతే పాట ఎత్తేది ఎవరు
- మంచినీళ్లు

10. నెలకొక పూజ జరిగే పల్లెల్లో

కీబోర్డు ఉండదు, ఉపదేశి గారే అన్నీ. ఇక్కడ పద్ధతి ఇంకా సులువు. "పరిశుద్ధుడు" ఒకే బాణీ, అల్లెలూయ ఒకే బాణీ, కీర్తనకు పైన చెప్పిన స్వర వరుస. ఏడాదంతా ఇవి మార్చొద్దు. శృతికి ఫోన్లో తంబురా యాప్ సరిపోతుంది, చిన్న సౌండ్‌తో పక్కన పెట్టుకోండి.

చదువు రాని పెద్దవాళ్లకు కాగితాలు పంచి లాభం లేదు. మా పక్క పల్లెలో ఒక అవ్వ పూజకు ముందు అరుగు మీద కూర్చుని పిల్లల దగ్గర పల్లవి నేర్చుకుంటుంది. ఒక పిల్ల పలుకుతుంది, అవ్వ వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టుకుంటూ తిరిగి అంటుంది. పది వేళ్లకు సరిపోని పల్లవిని ఆమె ఒప్పుకోదు. కొత్త పల్లవి కట్టినప్పుడల్లా నేనూ ముందు వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకుంటాను.